ఫుజీ పర్వతం, ఐదు సరస్సులు: సొంత గైడ్‌ను పెట్టుకుని ఎలా తిరగాలి

అంత పెద్ద కొండను చూపించడానికి మళ్లీ ఒక మనిషి ఎందుకు? అడగాల్సిన ప్రశ్నే. ఫుజీ ఎత్తు 3776 మీటర్లు. పక్కన దానికి సాటి వచ్చే శిఖరం లేదు. ఆకాశం తేటగా ఉంటే వంద కిలోమీటర్ల దూరంలోని టోక్యో మేడల మీంచి కూడా కనబడుతుంది. చిక్కంతా ఆ "తేటగా ఉంటే" దగ్గరే వస్తుంది. పొద్దున ఏడింటికి నిండుగా కనిపించిన కొండ పదింటికల్లా మబ్బు చాటుకు వెళ్లిపోతుంది. ఒక సరస్సు ఒడ్డున జాడ కూడా లేనిది, అరగంట ప్రయాణం చేసి ఇంకో ఒడ్డుకు వెళ్తే బయటపడొచ్చు. నలభై మందిని ఎక్కించుకున్న టూరు బస్సు మబ్బు కోసం దారి మార్చుకోదు. మీరు మాట్లాడుకున్న కారు మార్చుకుంటుంది. డబ్బు ఎక్కువైనా విడిగా గైడ్‌ను పెట్టుకోవడానికి నాకు తోచే గట్టి కారణం ఇదొక్కటే. చరిత్ర చెప్పడం, మీ కుటుంబమంతా పడేలా ఫొటో తీసిపెట్టడం వంటివన్నీ దాని తర్వాతే. కింద చెప్పే పనులన్నీ ఈ లెక్కతోనే చూసుకోండి.

ఆ ఊళ్లలో యాత్రికులను వెంటబెట్టుకుని తిప్పడం కొత్త వ్యాపారమేమీ కాదు. ఎడో కాలంలో (1603-1868) జనం 'ఫుజీ-కో' అనే భక్త బృందాలుగా టోక్యో వైపు నుంచి నడిచి వచ్చేవారు. కొండ ఉత్తరం పాదాన ఉన్న ఫుజియోషిదాలో 'ఒషి' అనే అర్చకులు వాళ్లను తమ ఇళ్లలో దింపుకుని, తిండి పెట్టి, స్నానాలూ పూజలూ చేయించి పైకి పంపేవారు. గయలోనో కాశీలోనో పండాల ఇంట్లో దిగివచ్చిన తాతల కథలు విన్నవాళ్లకు ఈ ఏర్పాటు వెంటనే అర్థమవుతుంది. అలాంటి ఇళ్లలో ఒకటైన తొగావా కుటుంబం వారి పాత ఇల్లు ఇప్పుడు సందర్శకుల కోసం తెరిచి ఉంది. 2013లో ఫుజీని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు కొండతోపాటు ఈ ఇంటినీ చేర్చారు. మీ గైడ్ తానుగా దీని పేరు ఎత్తకపోతే మీరే అడగండి.

1. ముందు నెల చూసుకోండి

విమానం టికెట్లు తీశాక గైడ్‌ను వెతికేవాళ్లే ఎక్కువ. కొండ కనబడటమే ముఖ్యమైతే ముందు తేల్చుకోవాల్సింది నెల.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు గాలి పొడిగా ఉంటుంది. కొండ కనబడే రోజులు బాగా ఎక్కువ, తల మీద మంచు కూడా ఉంటుంది. కాకపోతే కవాగుచి సరస్సు ఒడ్డున తెల్లవారుజామున సున్నా కంటే కిందికి దిగే చలి. హైదరాబాద్ జనవరికి కొన్న స్వెట్టర్ అక్కడ చాలదు. గ్లవ్స్, చెవులు కప్పే టోపీ తప్పనిసరి.

చెర్రీ పూలు ఇక్కడ టోక్యో కంటే ఆలస్యంగా, సుమారు ఏప్రిల్ రెండో వారంలో విచ్చుకుంటాయి. మొతొసు సరస్సు దగ్గర నేలంతా గులాబీ రంగు తివాచీలా పరుచుకునే షిబజకురా పూలకు ఏప్రిల్ మధ్య నుంచి మే చివరి దాకా సమయం. మన పిల్లల వేసవి సెలవులకు ఇది సరిగ్గా కలుస్తుంది. ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా మాత్రం వెళ్లకండి. అది జపాన్‌లో వరుస సెలవుల వారం. రోడ్లు కదలవు, గదులు దొరకవు.

జూన్‌లో వానలు మొదలవుతాయి. జూలై, ఆగస్టుల్లో కొండ మబ్బుల్లో ఉండే రోజులే ఎక్కువ. కనబడినా మంచు ఉండదు, ఎర్రమట్టి రంగు వాలు కనిపిస్తుంది. మీరు తలచుకుని వెళ్లిన బొమ్మ అది కాకపోవచ్చు. దసరా సెలవులకు వెళ్లేవాళ్లు కూడా మంచు ఖాయమనుకోకండి. 2024లో తొలి మంచు నవంబరు 7న గానీ కనబడలేదు. 1894లో లెక్క రాయడం మొదలుపెట్టాక అంత ఆలస్యం ఎన్నడూ లేదు. అక్టోబరులో మంచుకు బదులు కవాగుచి ఉత్తరపు ఒడ్డున ఓయిషి పార్కులో ఎర్రబడిన కోకియా పొదలుంటాయి, నవంబరులో మేపుల్ ఆకులు పండుతాయి. నన్నడిగితే నవంబరు రెండో సగం: ఆకుల రంగులు, మంచు తల, తేట ఆకాశం మూడూ కలిసే అవకాశం అప్పుడే ఎక్కువ.

2. టోక్యో నుంచి వెళ్లి రావాలా, ఒక రాత్రి ఉండాలా

టోక్యో నుంచి కారులో దారి ఖాళీగా ఉంటే రెండు గంటలు. గైడ్ కార్లు చాలావరకు పది గంటల లెక్కన మాట్లాడుకుంటారు. రానూ పోనూ నాలుగు గంటలు తీసేస్తే చేతిలో మిగిలేది ఆరు, అందులో భోజనానికి ఒకటి. సాయంత్రం తిరుగు ప్రయాణంలో, ముఖ్యంగా శని, ఆదివారాల్లో, చుఒ ఎక్స్‌ప్రెస్‌వే మీద కొబొతొకె సొరంగం దగ్గర వాహనాలు బారులు తీరుతాయి. ఆ గంట కూడా మీ ఖాతాలోంచే పోతుంది.

కవాగుచి దగ్గర ఒక రాత్రి ఉండగలిగితే కథే మారిపోతుంది. టోక్యోలోని షింజుకు నుంచి నేరుగా కవాగుచి స్టేషన్‌కు ఎక్స్‌ప్రెస్ రైలు ఉంది, ప్రయాణం దాదాపు రెండు గంటలు, సీటు ముందే రిజర్వ్ చేసుకోవాలి. షింజుకు నుంచే హైవే బస్సులూ ఉన్నాయి. మధ్యాహ్నం చేరి, మర్నాడు పొద్దున ఆరింటికి గైడ్‌ను రమ్మనండి. కొండ బాగా కనబడే గంటలు అవే. ఆ సమయానికి టోక్యో కార్లు ఇంకా దారిలో ఉంటాయి. పైగా స్థానికంగా మాట్లాడుకున్న కారుకు టోక్యో నుంచి వచ్చిపోయే ఖర్చు ఉండదు కాబట్టి, గది అద్దె కలుపుకున్నా పెద్దగా తేడా రాకపోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లుంటే రెండో ఆలోచనే వద్దు, రాత్రి ఉండండి.

పెద్ద పెట్టెలు వెంట తేకండి. టోక్యో హోటల్ నుంచి తర్వాతి ఊరి హోటల్‌కు వాటిని పంపించే కొరియర్ ఏర్పాటు జపాన్‌లో దాదాపు ప్రతి హోటల్ రిసెప్షన్‌లోనూ ఉంటుంది.

వేడినీటి బుగ్గలకు పేరున్న హకొనె కూడా అదే రోజు చూపిస్తామని చెప్పే టూర్లు చాలా ఉన్నాయి. ఒప్పుకోకండి. హకొనె దేనికదే ఒక రోజు తినే చోటు. రెండూ కలిపితే రోజంతా కారు కిటికీలోంచి చూడటమే మిగులుతుంది.

3. నంబరు ప్లేటు రంగు అడగండి

మొత్తం ఏర్పాటులో మనవాళ్లు పొరపడేది ఇక్కడే. అందుకని కాస్త వివరంగా చెబుతాను.

జపాన్‌లో డబ్బు తీసుకుని మనుషులను తిప్పే వాహనానికి మామూలుగా ఆకుపచ్చ నంబరు ప్లేటు, దాని మీద తెల్ల అక్షరాలు ఉండాలి. నడిపేవాళ్లకు మామూలు లైసెన్సు సరిపోదు, ప్రయాణికులను తీసుకెళ్లే రెండో తరగతి లైసెన్సు కావాలి. తెల్ల ప్లేటు ఉన్న సొంత కారులో అనుమతి లేకుండా డబ్బులకు తిప్పడాన్ని అక్కడ 'షిరొతకు' అంటారు, అంటే తెల్ల టాక్సీ. అది చట్టవిరుద్ధం. సామాజిక మాధ్యమాల్లో చవగ్గా "కారు, గైడ్ కలిపి" అని ప్రకటనలు ఇచ్చేవాళ్లలో ఇవి కలిసిపోయి ఉంటాయి. ప్రమాదం జరిగితే బీమా దగ్గర పేచీ వస్తుంది. పోలీసులు ఆపితే మీ రోజు అక్కడితో సరి.

టోక్యోలో తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు, ఎక్కువమంది ఐటీ ఉద్యోగాల్లో. బంధువో స్నేహితుడో తన కారులో ప్రేమగా తీసుకెళ్తే అది వేరే సంగతి, హాయిగా వెళ్లండి. "మనవాడే, తెలుగులో చెబుతాడు, తలకు ఇంత ఇస్తే చాలు" అని ఎవరైనా అంటే మాత్రం ప్లేటు రంగు అడగండి. మనవాడైనంత మాత్రాన చట్టం పక్కకు తప్పుకోదు.

గైడ్ లైసెన్సు సంగతి వేరు. 2018 జనవరి నుంచి లైసెన్సు లేకపోయినా డబ్బు తీసుకుని గైడ్‌గా పనిచేయడం తప్పు కాదు. అయితే జాతీయ స్థాయి పరీక్ష పాసై ప్రభుత్వం దగ్గర నమోదైన గైడ్-దుబాసీలు ఇప్పటికీ ఉన్నారు. పరీక్షలో చరిత్ర, భూగోళం, విదేశీ భాష అన్నీ ఉంటాయి, వాళ్ల దగ్గర నమోదు కార్డు ఉంటుంది. ఆ పరీక్ష పెట్టే భాషల్లో ఇంగ్లీషు ఉంది, మన దేశపు భాష ఒక్కటీ లేదు. కాబట్టి లైసెన్సున్న గైడ్‌తో ఇంగ్లీషులోనే నడవాలి. ఇంట్లో పెద్దవాళ్లకు ఎవరో ఒకరు తెలుగులో చెబుతూ ఉండాలి, ఆ పని ఎవరిదో ముందే అనుకోండి.

ఇప్పుడు మీ ముందు మూడు దారులున్నాయి. గైడూ డ్రైవరూ ఒక్కరే కావడం మొదటిది. చిన్న కుటుంబానికి ఇది బాగుంటుంది, కానీ ఆయన స్టీరింగ్ దగ్గర ఉంటాడు కాబట్టి మెట్లెక్కేటప్పుడు ప్రతిచోటా మీతో రాకపోవచ్చు. డ్రైవర్ వేరు, గైడ్ వేరు కావడం రెండోది, ఖర్చు బాగా పెరుగుతుంది. ఆరేడుగురు ఉంటే తలకు పడే భారం తగ్గుతుంది, ఎందుకంటే ధర చాలావరకు వాహనం లెక్కన ఉంటుంది. మూడోది, కవాగుచిలో టాక్సీని గంటల లెక్కన మాట్లాడుకోవడం. డ్రైవర్‌కు ఇంగ్లీషు అంతంతమాత్రం, అయినా ఏ గంటకు ఏ ఒడ్డున కొండ కనబడుతుందో రోజూ చూసే మనిషి. ముందే చదువుకుని వెళ్లేవాళ్లకు ఈ మూడోదే నా ఓటు. ఫోన్‌లోని అనువాదంతో మిగతా పని జరిగిపోతుంది.

సొంతంగా నడుపుదామనుకునేవాళ్లకు ఒక మాట: భారతదేశంలో ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ జపాన్‌లో చెల్లుతుంది, అక్కడా ఎడమవైపు నడపడమే. కానీ చలికాలం మంచు రోడ్ల మీద తొలి పాఠం నేర్చుకోవాల్సిన చోటు అది కాదు.

4. రాసి పంపండి, రాసి తెప్పించుకోండి

ఫోన్‌లో "అన్నీ చూసుకుంటాం" అన్న మాటతో ఆగకండి. మెయిల్ ఇలా ఉంటే చాలు:

"మేం నలుగురు పెద్దలం, ఐదేళ్ల పాప. ఒకరికి మోకాళ్ల నొప్పి, ఎక్కువ మెట్లు ఎక్కలేరు. ఇద్దరు శాకాహారులు: మాంసం, చేప, గుడ్డు తినరు, చేపతో కాచిన రసం కూడా కుదరదు. పాపకు చైల్డ్ సీటు కావాలి. వాహనానికి ఆకుపచ్చ ప్లేటు ఉందా? ఎక్స్‌ప్రెస్‌వే టోలు, పార్కింగు, టికెట్లు, గైడ్ భోజనం మీరు చెప్పిన ధరలో కలిసే ఉన్నాయా? పది గంటలు దాటితే గంటకు ఎంత? కొండ కనబడకపోతే ఆ రోజు దారి మార్చుకునే వీలుందా? మేం రద్దు చేసుకుంటే ఎన్ని రోజుల ముందు వరకు డబ్బు తిరిగి ఇస్తారు?"

ఆరేళ్లలోపు పిల్లలకు చైల్డ్ సీటు జపాన్‌లో చట్టం. టాక్సీలకు మినహాయింపు ఉన్నా, ఎక్స్‌ప్రెస్‌వే మీద వెళ్తున్నారు కాబట్టి అడిగి పెట్టించుకోండి. అల్ఫార్డ్ లాంటి కార్లో ఆరుగురు పడతారని చెబుతారు. పడతారు, పెట్టెలు లేకపోతే. అయిదుగురు దాటితే హైఏస్ లాంటి వ్యాను అడగడం మేలు.

కొండ కనబడలేదని డబ్బు వెనక్కి ఇచ్చేవాళ్లు దాదాపు ఉండరు, అది అడగడం కూడా న్యాయం కాదు. దారి మార్చుకునే స్వేచ్ఛ మాత్రం రాతలో ఉండాలి. "ప్రోగ్రాం ప్రకారమే వెళ్తాం" అని జవాబొస్తే ఆ గైడ్‌ను వదిలేయండి. ఆ మాత్రానికి బస్సు టూరు చవక.

5. వెలుతురును బట్టి దారి గీయండి

ఐదు సరస్సులూ కొండకు ఉత్తరం వైపున విల్లులా వంగి ఉన్నాయి. తూర్పు చివర యమనక, తర్వాత కవాగుచి, సైకో, షోజి, పడమటి చివర మొతొసు. యమనక ఒడ్డున నిలబడితే కొండ మీకు నైరుతిలో ఉంటుంది. పొద్దున సూర్యుడు మీ వెనకనుంచి కొండ ముఖం మీద పడతాడు. మొతొసు దగ్గర కొండ ఆగ్నేయంలో ఉంటుంది, కాబట్టి అక్కడ పొద్దున ఎదురెండ, మధ్యాహ్నం తర్వాత వెలుతురు అనుకూలం. కవాగుచి మధ్యలో, కొండ నేరుగా దక్షిణాన. చలికాలం మిట్టమధ్యాహ్నం సూర్యుడు కొండ మీదుగానే ఉండి ఫొటో వెలవెలబోతుంది. అందుకని తూర్పున మొదలుపెట్టి పడమటికి జరగడం వెలుతురు లెక్కకు సరిపోతుంది. ఎండాకాలంలో మధ్యాహ్నానికి మబ్బు కమ్మేస్తుంది కాబట్టి మొతొసు మీద ఆశ పెట్టుకోవద్దు. అప్పుడు తూర్పు సగంతోనే సరిపెట్టుకోండి.

టోక్యో నుంచి ఒక్క రోజుకు వచ్చినవాళ్లు రెండు సరస్సులు చాలనుకోవాలి. ఐదూ కావాలంటే రాత్రి ఉండాల్సిందే.

మొదట చురేయితో పగోడా. ఫుజియోషిదాలో అరకురయామా సెంగెన్ పార్కులో కొండవాలు మీద 1963లో కట్టిన ఐదంతస్తుల పగోడా ఇది. ఎరుపు పగోడా వెనక ఫుజీ ఉండే ఫొటో మీరు చూసే ఉంటారు. పైకి 398 మెట్లు. మెట్లు ఎక్కలేనివాళ్లకు పక్కనే వంపులు తిరుగుతూ వెళ్లే వాలు దారి ఉంది, నిదానంగా వెళ్లొచ్చు. ఎనిమిదింటిలోపు చేరండి. చెర్రీ పూల రోజుల్లో అయితే ఇంకా ముందు, లేకపోతే ఫొటో తీసుకునే అరుగు మీదికి వెళ్లడానికే పొడుగాటి వరుస ఉంటుంది.

అక్కడినుంచి ఒషినో హక్కయ్. ఫుజీ మీద కరిగిన మంచు లావా పొరల్లో ఏళ్ల తరబడి వడగట్టుకుంటూ దిగివచ్చి ఇక్కడ ఊటలుగా పైకి వస్తుంది. అలాంటి చెరువులు ఎనిమిది. అందరూ మూగి ఫొటోలు తీసే నడిబొడ్డు చెరువు ఆ ఎనిమిదిలోది కాదు, మనుషులు తవ్వింది. గైడ్‌ను అడిగి అసలైనవి చూడండి. వకుఇకె అనే దాంట్లో నీరు అడుగునుంచి ఉబుకుతూ ఉండటం కనబడుతుంది. చిల్లర నాణేలు నీళ్లలో వేయకండి. ఊరూ దుకాణాలూ కిక్కిరిసి ఉంటాయి, నలభై నిమిషాలు చాలు.

పక్కనే యమనక, ఐదింట్లో పెద్దది, ఎత్తులో కూడా అదే పైది. జనం తక్కువ. అక్టోబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి దాకా వెళ్తే 'డైమండ్ ఫుజీ' గురించి గైడ్‌ను ముందే అడగండి. సాయంత్రం సూర్యుడు సరిగ్గా శిఖరం మీదికి దిగే ఆ క్షణం ఒక్కోరోజు ఒక్కో చోటునుంచి కనబడుతుంది. ఏ రోజు ఒడ్డున ఎక్కడ నిలబడాలో తెలిసిన మనిషి ఉంటే ఆ రోజు గైడ్‌కు ఇచ్చిన డబ్బంతా వచ్చేసినట్టే. ఆ కోరిక ఉంటే నేను చెప్పిన దారిని తిప్పేసి పడమర నుంచి తూర్పుకు రండి.

వెనక్కి వస్తూ కితగుచి హొంగు ఫుజీ సెంగెన్ ఆలయం దగ్గర ఆగండి. ముసలి దేవదారుల మధ్య నడక, నాచు పట్టిన రాతి దీపాలు, ఎత్తైన కర్ర తోరణం. కొండ దేవత కొనొహనసకుయ-హిమె ఇక్కడ కొలువై ఉంది. యోషిదా వైపు కొండ ఎక్కే పాత దారి ఈ ఆలయం వెనకనుంచే మొదలవుతుంది. ఆడవాళ్లను శిఖరం దాకా వెళ్లనివ్వని నిషేధం 1872 దాకా ఉండేదని గుర్తు పెట్టుకుంటే, దేవతే స్త్రీ కదా అని మీ ఇంట్లో ఆడపిల్ల అడిగే ప్రశ్నకు గైడ్ ఏం చెబుతాడో వినొచ్చు.

మధ్యాహ్నానికి కవాగుచి ఉత్తరపు ఒడ్డు. నీళ్లకు అవతల కొండ ఉండే చోటు ఇదే. దక్షిణపు ఒడ్డున హోటళ్లు, స్టేషన్ ఉంటాయి, అక్కడినుంచి నీటిలో కొండ నీడ దొరకదు. ఓయిషి పార్కులో జూన్ చివరినుంచి జూలై మధ్య దాకా లావెండర్.

సైకో వైపు సాగితే ఇయషి నొ సతొ నెంబా అనే పూరిళ్ల ఊరు వస్తుంది. 1966 తుపానులో కొండచరియలు విరిగిపడి ఊరు తుడిచిపెట్టుకుపోయింది. గడ్డికప్పుల ఇళ్లు మళ్లీ కట్టి 2006లో సందర్శకులకు తెరిచారు. లోపల చేతిపనుల దుకాణాలు, వెనక ఫుజీ. పిల్లలకు, పెద్దలకు ఇద్దరికీ పనికొస్తుంది.

ఇక సైకో, షోజి, మొతొసు. వీటిలో సైకో, షోజి ఒకప్పుడు సెనొఉమి అనే ఒకే పెద్ద సరస్సు. 864లో ఫుజీ బద్దలైనప్పుడు లావా వచ్చిపడి దాన్ని ముక్కలు చేసింది. ఇప్పటికీ మూడింటి నీటిమట్టం ఒకటే, సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్లు. చల్లబడిన లావా మీదే అఒకిగహరా అడవి పుట్టింది. ఆ అడవి మీద ఏవేవో భయం కథలు చెప్పి చూపించే గైడ్లు ఉంటారు. ప్రాణాలు పోయిన చోటును తమాషాగా చూడటం మర్యాద కాదు. గుర్తించిన కాలిబాటల్లో నడిచి, లావా రాళ్లను చుట్టుకున్న వేళ్లూ నాచూ చూసి రండి. షోజి అన్నిటికంటే చిన్నది. అక్కడినుంచి చూస్తే ఒమురొ అనే చిన్న కొండను ఫుజీ ఒళ్లో పెట్టుకున్నట్టు ఉంటుంది. మొతొసు అన్నిటికంటే లోతైనది, 120 మీటర్లకు పైగా. 2004లో వచ్చిన వెయ్యి యెన్ నోటు వెనక ఉన్నది ఈ సరస్సూ, ఫుజీయే. పాత నోటు చేతికొస్తే ఒడ్డున పట్టుకుని పోల్చి చూసుకోవచ్చు, పిల్లలకు సరదా. 2024 జూలైలో వచ్చిన కొత్త నోటు మీద పాతకాలపు చిత్రకారుడు హొకుసై గీసిన అల ఉంది.

ఇక కొండెక్కే దారిలో ఒక మజిలీ అయిన ఐదో స్టేషన్ సంగతి. కొండ మీద 2305 మీటర్ల దాకా సుబరు లైన్ అనే రోడ్డు ఉంది. కవాగుచి నుంచి రానూ పోనూ ఆగడంతో కలిపి రెండున్నర గంటలైనా పోతాయి. మొదటిసారి వచ్చినవాళ్లంతా ఇది కావాలంటారు. నిజానికి అక్కడినుంచి ఫుజీ ఆకారం కనబడదు, మీరు దాని ఒంటి మీదే ఉంటారు కదా. కింద సరస్సుల దగ్గర దట్టంగా మబ్బు పట్టిన రోజు మాత్రం దీనికి విలువ వస్తుంది: ఒక్కోసారి మీరు మబ్బు దాటి పైకి వచ్చేస్తారు. వేసవిలో ఎక్కే కాలంలో సొంత కార్లను ఈ రోడ్డు మీదికి రానివ్వరు, బస్సులూ టాక్సీలూ వెళ్లొచ్చు. ఆకుపచ్చ ప్లేటు ఇక్కడ కూడా అక్కరకొస్తుంది. చలికాలంలో మంచు పడితే రోడ్డే మూసేస్తారు. కవాగుచి కంటే దాదాపు తొమ్మిది డిగ్రీలు చల్లగా ఉంటుంది, ఆగస్టులో కూడా జాకెట్ ఉండాలి.

6. భోజనం ముందే తేల్చండి

ఆ ప్రాంతపు వంట హోతో: వెడల్పాటి గోధుమ పట్టీలు, గుమ్మడికాయ, కూరగాయలు మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) పులుసులో ఉడికించి ఇనప గిన్నెలో తెస్తారు. చూడటానికి పూర్తి శాకాహారమే. పులుసు మాత్రం చాలాచోట్ల ఎండబెట్టిన చేపతో కాస్తారు. ఫుజియోషిదాలో దొరికే ఉడోన్ అనే గట్టి గోధుమ నూడుల్స్‌దీ అదే కథ. "మాంసం లేదు" అని వాళ్లు చెప్పేది అబద్ధం కాదు, చేపను వాళ్లు ఆ లెక్కలో వేయరు. అందుకే చేప రసం సంగతి మెయిల్‌లోనే విడిగా రాయమన్నాను. గైడ్ ముందు రోజు ఫోన్ చేసి అడిగితే కొన్నిచోట్ల సముద్రపు నాచుతో కాచి పెడతారు, కొన్నిచోట్ల కుదరదంటారు. కుదరదన్న మాట కూడా ముందే తెలియడం మేలు. కవాగుచి చుట్టుపక్కల భారతీయ భోజనం దొరికే హోటళ్లూ ఉన్నాయి. పట్టింపు బాగా ఉన్నవాళ్లు పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుని ఒడ్డున తినేయడం అన్నిటికంటే సుఖం. చెత్తబుట్టలు ఎక్కడా కనబడవు కాబట్టి ఖాళీ సంచి ఒకటి వెంట ఉంచుకోండి.

7. ముందు రాత్రి, ఆ పొద్దున

సరస్సుల చుట్టూ పెట్టిన లైవ్ కెమెరాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. లేవగానే ముందు వాటిని చూడండి. యమనక వైపు తేటగా ఉండి కవాగుచి వైపు మూసుకుని ఉంటే గైడ్‌కు సందేశం పెట్టి మొదటి చోటు మార్చమనండి. మంచి గైడ్ అయితే మీకంటే ముందే చూసి ఉంటాడు.

చేతిలో కొంత నగదు ఉంచుకోండి, చిన్న దుకాణాలకూ ఆలయాలకూ పనికొస్తుంది. చెప్పిన సమయానికి అయిదు నిమిషాల ముందే కిందికి దిగండి. పావుగంట ఆలస్యమైతే అక్కడ ఎవరూ కోప్పడరు, కానీ ఆ పావుగంట మీ పది గంటల్లోంచే కోసుకుపోతుంది.

8. మబ్బు విడవకపోతే

రోజంతా మూసుకుపోయే రోజులూ ఉంటాయి. అప్పుడు కొండ కోసం ఒడ్డున ఎదురుచూస్తూ కూర్చోవద్దు, కొండ కడుపులోకి వెళ్లండి. సైకో దగ్గర నరుసవా మంచు గుహ, ఫుగకు గాలి గుహ లావా ప్రవాహాల వల్ల ఏర్పడినవి. బయట వాన పడుతున్నా లోపల తేడా ఏమీ ఉండదు, ఎండాకాలంలో కూడా స్వెట్టర్ వేసుకునేంత చలి. నరుసవాలో మెట్లు నిటారుగా ఉంటాయి, ఒకచోట బాగా వంగి నడవాలి, మోకాళ్ల నొప్పులవాళ్లకు వద్దు. ఫుగకు సులువు. పూర్వం పట్టుపురుగుల గుడ్లను చల్లగా దాచిన చోటు అది.

పట్టుచీరల మీద ఇష్టం ఉన్నవాళ్లు కవాగుచి ఉత్తరపు ఒడ్డున కుబొతా ఇచ్చికు మ్యూజియం చూడాలి. 1917లో పుట్టిన ఈ కళాకారుడు మరుగున పడ్డ త్సుజిగహన అనే పాత అద్దకపు పద్ధతిని తన తీరులో మళ్లీ పుట్టించడానికి జీవితం వెచ్చించాడు. పక్కపక్కన వేలాడదీసిన కిమోనోల మీదుగా ఒకే కొండ దృశ్యం సాగిపోతుంది. పోచంపల్లి, గద్వాల నేతలు ఎరిగిన కళ్లు అక్కడ గంటసేపు కదలవు. ఎండ కాసే రోజున కూడా చూడదగ్గదే.

గొతెంబా అవుట్‌లెట్ మాల్‌కు తీసుకెళ్తానని గైడ్ అంటే అది మీ ఇష్టం. నాకైతే ఆ రెండు గంటలు అనవసరం.

9. అక్కడి జనంతో

2024 మేలో ఫుజికవాగుచికొ పట్టణంలో లాసన్ అనే గొలుసు దుకాణాల్లో ఒకదాని ఎదుట నల్ల తెర కట్టారు. దుకాణం కప్పు మీద ఫుజీ కూర్చున్నట్టు కనిపించే ఫొటో కోసం జనం రోడ్డుకు అడ్డంగా పరుగెత్తడం, పక్క ఆస్పత్రి స్థలంలోకి దూరడం, చెత్త వదలడం భరించలేక చేసిన పని అది. తర్వాత ఆగస్టులో తెర తీశారు. ఫుజియోషిదాలో వీధి చివర ఫుజీ కనిపించే హొంచో వీధి దగ్గరా ఇదే గొడవ. గైడ్ "ఇక్కడ ఆగకూడదు" అంటే ఆగకండి, బతిమాలకండి. ఊరివాళ్లతో రేపు మళ్లీ మొహం చూసుకోవాల్సింది ఆయనే.

టిప్పు ఇవ్వనక్కర్లేదు, ఇస్తే ఇబ్బంది పడతారు. ఇంటి నుంచి తెచ్చిన సున్నుండల డబ్బానో కాఫీపొడి పొట్లమో ఇవ్వండి, రెండు చేతులతో తీసుకుంటారు. దిగేటప్పుడు అదనపు గంటలకూ టోలుకూ రసీదు అడిగి తీసుకోండి. కారు వెనక సీటు కింద పాప బూట్లు, ఛార్జర్లు ఒకసారి చూసుకోండి. టోక్యో చేరాక వాటిని వెనక్కి తెప్పించుకోవచ్చు గానీ, ఆ కొరియర్ ఖర్చుతో ఇంకో గిన్నె హోతో వస్తుంది.